మూతమ్మకు చేరని మాటలు

మా కార్ఖానాలో నోరు పనికిరాదు. రేకు కోసే మిషను, దాన్ని గుండ్రంగా చుట్టే రోలరు, అతుకు నొక్కే మిషను, మూతలు కొట్టే రెండు ప్రెస్సులు పొద్దున ఎనిమిదికి మొదలయ్యాయంటే సాయంత్రం ఆరుదాకా పక్కవాడి చెవిలో అరిచినా వాడు "ఆఁ?" అనే అంటాడు. అందుకని నలభై ఏళ్ళుగా మేం చేతులతోనే మాట్లాడుకుంటున్నాం. అరచెయ్యి ఎత్తి చూపిస్తే ఆగమని. రెండు వేళ్ళు కలిపి తిప్పితే ఇటు రమ్మనో, తెమ్మనో. బొటనవేలు నోటి దగ్గర పెడితే టీ వచ్చిందని. ముక్కు పట్టుకుంటే రంగుల దుకాణం ఆయన వచ్చాడని. పాపం, ఆయనకు స్నానమంటే గిట్టదు.

యజమానిని నేనే. యజమాని అనగానే పెద్దగా ఊహించుకోకండి. కింద ఐదు మిషన్లు, నలుగురు పనివాళ్ళు, పైన మేం ఉండే మూడు గదులు, అంతే. రంగులకూ బిస్కెట్లకూ రేకు డబ్బాలు చేసిపెడతాం. డబ్బాలు చేసేవాడు సొంత డబ్బా కొట్టుకోకుండా ఎలా ఉంటాడని మా పనివాళ్ళు నన్ను వెక్కిరిస్తారు. నిజమే, నాకు ఆ జబ్బుంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకాన్ని. ఇప్పుడు చెప్పబోయేది ఆ మూడు కాళ్ళ కుందేలు సంగతే. చెప్పుకుంటే సిగ్గు పోతుంది, చెప్పుకోకపోతే నిద్ర పోతోంది.

నా కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమది ఉన్నట్టే ఉంటుంది, అవసరానికి మాత్రం ఉండదు, మా బావమరిదిలాగా. నా భార్య పోయి నాలుగేళ్ళయింది. కొడుకు సరుకు లారీ నడుపుతాడు, వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే. కోడలికి బస్టాండులో ఉద్యోగం. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకు వస్తోందో రోజంతా మైకులో చెప్పడం ఆమె పని. మనవరాలికి ఎనిమిదో నెల వచ్చేసరికి కోడలి సెలవు అయిపోయింది. పిల్లను ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న వచ్చింది.

"నేను లేనా?" అన్నాను.

"అంత మోతలోనా మామయ్యా?" అంది కోడలు మెల్లగా. ఆమె మాటే మెల్లన. మైకు లేకపోతే పక్కగదికి కూడా వినపడదు.

నాకు చివుక్కుమంది. మోతలో చెవులు పోగొట్టుకున్నవాడికి మోత సంగతి ఇంకొకరు చెప్పాలా? మర్నాడే వెళ్ళి పసిపిల్లలకు పట్టే చెవికప్పులు వెతికి తెచ్చాను. ఎర్రటివి, మెత్తటి దూది పట్టీతో, తలకు సరిగ్గా అమిరేవి. "నా చెవులు పోయాయి. దీని చెవుల మీద ఈగ కూడా వాలనివ్వను" అని కొడుకు ముందు, కోడలి ముందు గొప్పగా అన్నాను. అన్న మాట నిలబెట్టుకున్నాను కూడా. అదే నా ఖర్మ.

కార్ఖానాలో ఒక మూల అద్దాల గది ఉంది. అందులో చాప పరిచి, మూతల బుట్ట ఒకటి పెట్టి పిల్లను కూర్చోబెట్టేవాణ్ణి. అంచులు మడిచిన మూతలు, చెయ్యి తెగదు. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చేది, పడేసేది, మళ్ళీ పేర్చేది. ప్రెస్సు మీద పనిచేసే మనిషి దానికి మూతమ్మ అని పేరు పెట్టాడు. "దానికి మంచి పేరుంది మామయ్యా" అని కోడలు ఒకటి రెండుసార్లు గుర్తు చేసింది. మేం వింటేగా.

ఏడాది నిండేసరికి మూతమ్మకు మా సైగలన్నీ వచ్చేశాయి. అరచెయ్యి ఎత్తితే ఎక్కడిదక్కడ ఆగిపోయేది. రెండు వేళ్ళు తిప్పి బంతి వైపు చూపిస్తే బంతి తెచ్చేది. రంగుల దుకాణం ఆయన గుమ్మంలో కనపడితే అందరికంటే ముందు తనే ముక్కు పట్టుకునేది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు కానీ, ఈ పిల్లను చూసి మిగతా కాకులు కూడా మురిసిపోయేవి. "చెప్పకముందే అర్థం చేసుకుంటుంది" అని కనపడినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. చెప్పకముందే అన్న మాట నిజం. చెప్పాక ఏమవుతుందో నేను ఏనాడూ చూడలేదు.

మధ్యాహ్నం అరగంట మిషన్లు ఆగేవి. ఆ అరగంటలోనూ మేం పెద్దగా నోరు విప్పం. అలవాటు లేదు. అప్పటికి మూతమ్మ నిద్రపోతూ ఉండేది, చెవికప్పులు తీస్తే లేస్తుందేమోనని అలాగే ఉంచేవాణ్ణి. సాయంత్రం పైకి వెళ్ళాక నేను టీవీ పెట్టేవాణ్ణి. నాకు వినపడాలంటే ఎంత సౌండు పెట్టాలో మీరే ఊహించుకోండి. కోడలు వచ్చి, పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఏదో చెబుతూ ఉండేది. పెదవులు కదలడం నాకు కనపడేది.

పిల్లకు పదహారో నెల నడుస్తుండగా ఒక ఆదివారం కోడలు నా దగ్గరకు వచ్చి నిలబడింది.

"మామయ్యా, నేను వెనకనుంచి పిలిస్తే తిరుగుతోంది. వినపడుతోంది దానికి. కానీ బంతి తే అంటే నా మొహం చూస్తుంది. బొమ్మెక్కడ అన్నా మొహమే చూస్తుంది. నాకెందుకో భయంగా ఉంది."

"భయమేంటి? ఇటు చూడు" అని నేను పిల్ల ముందు కూర్చున్నాను. "మూతమ్మా, బంతి తే!" అన్నాను. నోటితో అంటూనే చెయ్యి కూడా తిప్పి బంతి వైపు చూపించాను. నలభై ఏళ్ళ అలవాటు, ఆ చెయ్యి నన్ను అడిగి కదలదు. పిల్ల గబగబా వెళ్ళి బంతి తెచ్చి నా చేతిలో పెట్టింది. "చూశావా?" అన్నాను.

ఆ తర్వాత అన్న మాట అనకుండా ఉండాల్సింది. నా నోటికి తాళం లేదు. "ఊళ్ళోవాళ్ళందరికీ ఏ బస్సు ఎక్కడుందో చెప్తావు. కన్నకూతురికి నాలుగు మాటలు చెప్పలేవా? నువ్వు మాట్లాడితే కదా అది వినేది!"

నవ్వుతూనే అన్నాను. కోడలు నవ్వలేదు. బంతి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం నర్సమ్మ వచ్చింది. మా వీధి పిల్లలకు టీకాలు వేసి, ఎదుగుదల చూసి కార్డులో రాసుకునే ఆవిడ. తన వంతుకు తాను రాలేదు, కోడలు ప్రత్యేకంగా చెప్పి రప్పించింది. పైగా ఆరోజు సెలవు పెట్టింది. అంటే నా మాట మీద నమ్మకం లేదన్నమాట. ఇంట్లో సంగతిని పరాయివాళ్ళ ముందు పెట్టిందని ఒళ్ళు మండిపోయింది నాకు.

పైగదిలో చాప మీద నర్సమ్మ ఐదు వస్తువులు వరసగా పెట్టింది. బంతి, చెంచా, గిన్నె, చెప్పు, బొమ్మ. "చెంచా ఇవ్వమ్మా" అని తనే అడిగింది. పిల్ల ఆవిడ మొహం కేసి చూసి, నా వెనక నక్కింది.

"కొత్తదాన్ని కదా, బెదిరింది. మీ దగ్గర చనువుంది కాబట్టి మీరే అడగండి తాతగారూ. కానీ చేతులు కదపకూడదు. చూపించకూడదు. ఒట్టి మాటే చెప్పాలి."

"దానికేం భాగ్యం" అని చేతులు కట్టుకుని కూర్చున్నాను. కోడలు నా వెనక గోడకు ఆనుకుని నిలబడింది. నర్సమ్మ కార్డు మీదకు వంగి కలం పట్టుకుంది.

"మూతమ్మా, బంతి ఇవ్వు."

పిల్ల నా చేతులకేసి చూసింది. అవి చంకల్లో ఉన్నాయి. ఈసారి మొహం కేసి చూసింది. నేను బంతి వైపు చూశాను. పిల్ల బంతి తీసి ఇచ్చింది.

"గిన్నె ఇవ్వు" అన్నాను. గిన్నె వైపు చూశాను. ఇచ్చింది. ఇంతవరకూ తెలిసి చేశానని చెప్పలేను. మూడోది చెంచా. అప్పుడే ఎందుకో నాకు ఒక ఆలోచన వచ్చింది. చూద్దామని కళ్ళు కిటికీ వైపు తిప్పుకుని "చెంచా ఇవ్వు" అన్నాను. ఎంతకీ చేతికి ఏమీ రాలేదు. ఓరకంటితో చూస్తే, పిల్ల చెయ్యి చాపి మిగిలిన మూడు వస్తువుల మీద గాలిలో తిప్పుతోంది. ఒకసారి చెప్పు మీదకు, ఒకసారి బొమ్మ మీదకు. ఏది తీసుకోవాలో తెలియక నా కళ్ళ కోసం వెతుకుతోంది. సంతలో తప్పిపోయిన పిల్లలా ఉంది దాని మొహం.

ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. నా మాట దానికి ఉత్త చప్పుడు.

వెనక కోడలు నిలబడి ఉంది. ఇప్పుడు చెంచా రాకపోతే ఆమెదే నిజమవుతుంది. అది నా బుర్రలో మెదిలిన మొదటి ఆలోచన. పిల్ల గురించి కాదు. చెంచా వైపు చూశాను. గడ్డం కూడా కొంచెం అటు ఊపాను. పిల్ల మొహం విప్పారింది, చెంచా తెచ్చి ఇచ్చింది. మిగతా రెండూ అలాగే ఇప్పించాను. నర్సమ్మ తలెత్తి చూసేసరికి ఐదు వస్తువులూ నా ఒళ్ళో ఉన్నాయి, చేతులు మాత్రం బుద్ధిగా కట్టుకునే ఉన్నాయి.

"ఐదుకు ఐదు" అంది నర్సమ్మ. చెప్పింది అర్థం చేసుకుంటుందని కార్డులో రాసింది. "అనవసరంగా కంగారు పడ్డావమ్మా" అని కోడలి భుజం తట్టి వెళ్ళిపోయింది.

కింద పనివాళ్ళకు బిస్కెట్లు పంచాను. లోపల మాత్రం దొంగకు తేలు కుట్టినట్టే ఉంది, అమ్మో అనడానికి లేదు. వారం పదిరోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కళ్ళు చూసి తెలుసుకోవడం మాత్రం తెలివి కాదా? ఇవాళ కాకపోతే రేపు మాటలు అవే వస్తాయి, నాకు ఎవరు నేర్పారు? ఇలా. మనసుకు జోకొట్టడంలో నన్ను మించినవాడు లేడు. ఎర్ర చెవికప్పులు రోజూ నా చేత్తోనే దాని తలకు తగిలించాను. ఆరు నెలలు.

కోడలు ఆ తర్వాత మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేను గెలిచాననుకున్నాను.

మొన్న వేసవి మొదట్లో ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఉక్కపోతకు పిల్ల తలంతా చెమట పడితే చెవికప్పులు తీసి పక్కన పెట్టాను. పనివాళ్ళు బయట గాలికి వెళ్ళారు. ఈలోగా నేను తయారైన డబ్బాలు సర్దుదామని, ఎనిమిది డబ్బాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కింద రెండు చేతులూ వేసి, పైదాన్ని గడ్డంతో అదిమిపట్టి నడుస్తున్నాను. అద్దాల గది తలుపు తెరిచే ఉందని అప్పుడు చూశాను. మూతమ్మ బయటకు వచ్చి రేకు తునకల గుట్ట వైపు నడుస్తోంది. కోయగా మిగిలిన తునకలు అవి. ఎండపడి మెరుస్తున్నాయి, అంచులు బ్లేడుల్లా ఉంటాయి.

"ఆగు!" అని అరిచాను. "మూతమ్మా, ఆగు! అటు వెళ్ళకు!"

పిల్ల ఆగింది. వెనక్కి తిరిగింది. నన్ను చూసి నవ్వింది. నా గొంతు అంత బాగా వినపడింది దానికి. నవ్వి, నా చేతుల కోసం చూసింది. చేతులు డబ్బాల కింద ఉన్నాయి. నా కళ్ళు చూద్దామంటే, కిందనుంచి చూసే దానికి డబ్బాల చాటున సగం మొహమే కనపడుతోంది. ఇంకోసారి "ఆగు" అన్నాను. ఆ పిల్లకు అందులో ఏమీ లేదు. తాతయ్య ఏదో సంతోషంగా అరుస్తున్నాడు అనుకుందో ఏమో, ఇంకా పెద్దగా నవ్వి, ముందుకు తిరిగి వెళ్ళింది.

డబ్బాలు వదిలేసి అరచెయ్యి ఎత్తాను. అవి పడ్డ మోతకు పిల్ల తిరిగి చూసింది, నా చెయ్యి చూసి టక్కున ఆగిపోయింది కూడా. కానీ అప్పటికే మెరిసే తునక ఒకటి దాని గుప్పిట్లో ఉంది.

అరచేతికి నాలుగు కుట్లు పడ్డాయి. బస్టాండునుంచి కోడలు డ్యూటీ బట్టల్లోనే పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది మామయ్యా?" అంటే "ఆగమన్నాను, ఆగలేదు" అన్నాను. అంతవరకే చెప్పాను. ఆమె నా కళ్ళలోకి చూసింది. నేను పిల్ల కట్టు కేసి చూశాను.

వారం తిరక్కుండా కోడలు పిల్లను మాటల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళడానికి తయారైంది. "నేనూ వస్తాను" అన్నాను. ఎవరూ రమ్మనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే బాపతు.

డాక్టరు చిన్నమ్మాయి, మా కోడలి వయసే ఉంటుంది. ఆమె గది గోడలకు మెత్తటి గుడ్డ అతికించి ఉంది. అడుగు చప్పుడు కూడా లేని గది. నా ఎడమచెవికి కూడా అక్కడ మాటలు స్పష్టంగా వినపడటంతో మొదట నాకు భలే ఆశ్చర్యమేసింది. ముందు పిల్ల చెవులు పరీక్ష చేసింది. ఎడమవైపు నుంచి ఒక చిన్న కూత, కుడివైపు నుంచి ఇంకొకటి. మూతమ్మ ప్రతిసారీ అటే తిరిగింది.

"చెవులు చక్కగా ఉన్నాయి. ఏ లోపమూ లేదు" అంది డాక్టరు.

నేను ఛాతీ విరుచుకున్నాను. మన సంరక్షణ మరి! పిచ్చివాణ్ణి, ఆ ఒక్క నిమిషం నిజంగా సంతోషించాను.

తర్వాత డాక్టరు పిల్ల ముందు వస్తువులు పెట్టి, తన మొహానికి ఒక అట్ట అడ్డం పెట్టుకుంది. చేతులు బల్ల కింద దాచుకుంది. నన్నూ కోడలినీ వెనక కూర్చోమంది. బంతి అడిగింది. చెంచా అడిగింది. పది అడిగింది. మూతమ్మ అట్ట అంచులు పట్టుకుని దాని వెనకేముందో చూడబోయింది. బల్ల కిందకు వంగి చేతులు వెతికింది. ఒక్కటీ ఇవ్వలేదు. ఆఖరికి డాక్టరు వెనకనుంచి దాన్ని అసలు పేరుతో పిలిచింది, తిరిగింది. మూతమ్మా అంది, తిరిగింది. అదే గొంతుతో "సీసా" అంది. దానికీ తిరిగింది.

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు కార్డు తీసి చదివింది. ఆమె మొహం మారింది. "పద్దెనిమిదో నెలలో ఐదుకు ఐదు అర్థమయ్యాయని రాసి ఉంది. ఇప్పుడు ఒక్కటీ కావట్లేదు. మాట రావడం ఆలస్యమైతే నాకంత బెంగలేదమ్మా. వచ్చింది పోయిందంటే మాత్రం అది వేరే సంగతి. లోపల ఏదైనా ఉందేమో చూడాలి. పాపకు మత్తిచ్చి తలకు స్కానింగు చేయించాల్సి ఉంటుంది. పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిస్తాను."

"నా వల్లేనా డాక్టరుగారూ?" అంది కోడలు. "నేను దాంతో సరిగా మాట్లాడలేదు. మామయ్య అప్పుడే చెప్పారు, నేనే..."

మీరు నమ్మండి, నమ్మకపోండి, అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు. డాక్టరు ఉత్తరం రాస్తోంది. కలం కాగితం మీద నడిచే చప్పుడు ఆ గదిలో నాకు కూడా వినపడుతోంది. రాసింది, మడిచింది, కవరులో పెట్టింది. కోడలు తీసుకుంది. పిల్లను ఎత్తుకుని లేచింది. నేనూ లేచాను. గుమ్మం దాకా నడిచాను. కట్టు కట్టిన పిల్ల చెయ్యి తల్లి భుజం మీదుగా వేలాడుతోంది. రెండో చేత్తో నన్ను చూసి వేళ్ళు తిప్పింది. రమ్మని.

"ఆ కార్డులో రాసింది తప్పమ్మా" అన్నాను.

ఇద్దరూ ఆగారు.

"అదేంటి మామయ్యా? నేనక్కడే ఉన్నాగా. మీరు చేతులు కట్టుకునే ఉన్నారు."

"చేతులే కట్టుకున్నాను. కళ్ళు కట్టుకోలేదు." అన్నాను. "నేను వస్తువుకేసి చూశాను. అది నా చూపు పట్టుకుని తీసిచ్చింది. చెంచా దగ్గర చూడకుండా ఉండి చూశాను, ఇవ్వలేకపోయింది. దానికి మాట తెలియదని నాకా రోజే తెలుసు."

"ఐదూ అలాగేనా?" అంది డాక్టరు.

"ఐదూ."

డాక్టరు కోడలి చేతిలోంచి కవరు తీసుకుని, మమ్మల్ని మళ్ళీ కూర్చోబెట్టింది. పిల్ల రోజంతా ఎక్కడుంటుందని అడిగింది. చెప్పాను. చెవికప్పులు ఎన్ని గంటలని అడిగింది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరుదాకా అన్నాను. ఆమె కలం బల్ల మీద పెట్టేసింది. తిడితే బావుండుననిపించింది నాకు.

"మోత నుంచి కాపాడటం మంచిదే తాతగారూ. అంత మోతలో పిల్లను ఉంచకూడదు, అదీ సంగతి" అంది చివరికి. "చూడండి, ఒక మాట పిల్లలకు ఒక్కసారి చెప్తే రాదు. వందసార్లు వినాలి, పది చోట్ల వినాలి. గిన్నె అంటూ గిన్నె చూపిస్తాం, గిన్నె కడుగుతూ గిన్నె అంటాం, గిన్నె పడిపోయిందంటాం. అలా అలా ఆ చప్పుడుకూ ఆ వస్తువుకూ ముడిపడుతుంది. చేతులు, కళ్ళు చెడ్డవేం కాదు. అవి మాటకు తోడు వెళ్ళాలి. మీ ఇంట్లో తోడు ఒక్కటే వెళ్ళింది, మాట వెళ్ళలేదు. పిల్ల తెలివైనది కాబట్టి, దొరికిన దాంతోనే నెట్టుకొచ్చింది."

"ఇప్పుడు వస్తుందా?" కోడలు అడిగింది.

"వస్తుందనే అనుకుంటున్నా. ఇంకా చిన్నదే. స్కానింగు ఇప్పుడే వద్దు, మూడు నెలలు చూద్దాం. వారానికి రెండుసార్లు తీసుకురండి." ఆ తర్వాత నా వైపు చూడకుండా అంది. "ఆరు నెలల ముందు వచ్చుంటే పని ఇంకా తేలికయ్యేది."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కోడలు కిటికీ పక్కన కూర్చుంది. దారంతా పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతూనే ఉంది. నాతో ఒక్క మాట లేదు. బస్సు దిగి, వీధి నడిచి, కార్ఖానా దాటి మెట్లెక్కాం. ఆరోజు మిషన్లు ఆపించాను కాబట్టి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పైగదిలో పిల్లను చాప మీద దింపి, కోడలు నా ఎదురుగా నిలబడింది. నాకు వినపడాలని కాబోలు, ఎప్పుడూ లేనిది గొంతు పెంచింది.

"మీరు చెప్తే అన్నీ చేసేది మామయ్యా. నేను చెప్తే మొహం చూసేది. నర్సమ్మ కూడా అన్నీ అర్థమవుతాయనే రాసింది. మరి అర్థమై కూడా నా మాట వినదంటే నేనేమనుకోవాలి? నేనంటే ఇష్టం లేదనుకున్నా. పొద్దంతా వదిలేసి వెళ్ళే అమ్మంటే ఏ పిల్లకుంటుందిలే అనుకున్నా." చాప మీదున్న పిల్లకేసి చూసింది. "నిద్రపుచ్చేటప్పుడు కబుర్లు చెప్పేదాన్ని. అదీ మానేశా. విసిగిస్తున్నానేమో అని. ఆరు నెలలు నా కూతురితో నేను మాట్లాడకుండా పడుకున్నా మామయ్యా."

కుర్చీలో కూర్చున్నాను. పిల్లకు నేను నా మాట ఒక్కటే లేకుండా చేశాననుకున్నాను ఇన్నాళ్ళూ. వాళ్ళమ్మ మాట కూడా నోట్లోనే నొక్కేశానని అప్పుడు తెలిసింది. చెవికప్పులంటే తెలియక పెట్టాను. ఇది మాత్రం నా మాట నెగ్గాలని చేసిన పని.

"తప్పు నాదమ్మా" అన్నాను. "నన్ను..."

"నాకెందుకు చెప్తారు?" అంది కోడలు. "మీరేమన్నారో నాకర్థమైంది. దానికి చెప్పండి. దానికి అర్థమయ్యేదాకా రోజూ చెప్పండి."

అని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

నేను కుర్చీలోంచి దిగి పిల్ల ముందు చాప మీద కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి. మా చేతి భాషలో ఆగడానికీ, తేవడానికీ, టీకీ, ఆఖరికి రంగుల దుకాణం ఆయనకు కూడా సైగ ఉంది. ఈ మాటకు లేదు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను.

"తప్పు నాది తల్లీ" అన్నాను.

పిల్ల నా భుజాల నుంచి కిందికి చూపు దించుకుంటూ వచ్చి, చేతులు ఎక్కడికి పోయాయా అని వెతికింది. కనపడక, కట్టు లేని చేత్తో నా మోచెయ్యి పట్టుకుని బయటకు లాగడం మొదలుపెట్టింది.

నేను చెయ్యి ఇవ్వలేదు. మళ్ళీ చెప్పాను.